సామూహిక పాదయాత్ర: గుంటూరు, ప్రకాశం మైదానంలో ఏర్పాట్లు, భద్రత

నిర్వచనం, పరిధి

ముందే అనుకున్న దారిలో, ముందే పంచుకున్న బాధ్యతలతో, కొందరు కలిసి ఊరి బయటి దారుల వెంట నడిచి గమ్యం చేరడాన్ని సామూహిక పాదయాత్ర అంటారు. ఉదయపు వ్యాయామ నడక, ఊరేగింపు ఈ నిర్వచనంలోకి రావు. మొదటిదానికి గమ్యం ఉండదు, రెండోది ఊరు దాటదు. ఈ వ్యాసం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానానికీ, దాని అంచున ఉన్న కొండలు, అడవులకూ పరిమితం. గుంటూరులోని బ్రాడీపేట వంటి పట్టణ పేటల నుంచి బయలుదేరే చిన్న బృందాలను ప్రధానంగా దృష్టిలో పెట్టుకుంది. వేల మంది నడిచే యాత్రలను అవసరమైన చోట ప్రస్తావిస్తుంది.

చరిత్ర

తెలుగులో బృంద ప్రయాణపు ఏర్పాట్లను వివరంగా నమోదు చేసిన తొలి గ్రంథాల్లో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర ముఖ్యమైనది. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. వెంట తల్లి, భార్య, సుమారు వంద మంది పరివారం ఉన్నారు. మజిలీకి మజిలీకి మధ్య దూరం, నీళ్లు ఎక్కడ దొరికేదీ, దారి ఎలాంటిదీ, అంగళ్లలో ఏం దొరికేదీ ఆయన రాసుకుంటూ పోయాడు. నేడు దారి పరిశీలనకు వెళ్లేవారు చూసుకోవలసినవి కూడా దాదాపు అవే.

ఇరవయ్యో శతాబ్దంలో నడక రాజకీయ సాధనమైంది. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరిన ఉప్పు సత్యాగ్రహ యాత్ర సుమారు 240 మైళ్లను 24 రోజుల్లో ముగించింది. ఆంధ్రలో దీనికి దీటైనది 1937–38 నాటి రైతు యాత్ర. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా 130 రోజుల్లో 1,500 మైళ్లకు పైగా నడిచిన రైతులు, దారిలోని గ్రామాల్లో సేకరించిన వినతిపత్రాలతో శాసనసభ ముంగిటికి చేరారు. ఆనాటి రైతు ఉద్యమ నాయకుడు ఎన్.జి. రంగా స్వగ్రామం నిడుబ్రోలు ఈ మైదానంలోదే. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో మొదలై జూన్ 15న ఇచ్ఛాపురంలో ముగిసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర దాదాపు 1,470 కి.మీ. సాగింది. నడివేసవిలో రాజమండ్రి వద్ద ఆయన అస్వస్థులవడంతో కొన్నాళ్లు ఆగవలసి వచ్చింది. అమరావతి రైతులు 2021 నవంబరు 1న తుళ్లూరు నుంచి బయలుదేరి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల మీదుగా తిరుపతికి నడిచారు. ఆ నవంబరులోనే నెల్లూరు, చిత్తూరు జిల్లాలను భారీ వర్షాలు ముంచెత్తాయి.

ఈ యాత్రల రోజువారీ సగటు లెక్కవేస్తే ఉప్పు యాత్రకు 16 కి.మీ., రైతు యాత్రకు 19 కి.మీ., 2003 యాత్రకు 22 కి.మీ. లోపు వస్తుంది. వరుసగా చాలా రోజులు నడిచే బృందానికి రోజుకు 20 కి.మీ. అటూ ఇటూ సహజమైన హద్దు అని దీన్నిబట్టి తెలుస్తుంది. నడక అలవాటు లేని పట్టణవాసులకు మొదటి రోజు 10 నుంచి 12 కి.మీ. చాలు.

రకాలు

ఈ ప్రాంతంలో ఎక్కువమంది పాల్గొనేది కార్తీక వనభోజనం. ఉసిరిచెట్టు ఉన్న తోటకో, కొండ దిగువకో కుటుంబాలు కలిసి వెళ్తాయి. కొంత దూరం వాహనంలోనూ, మిగిలింది కాలినడకనా సాగుతుంది. రెండోది తిరునాళ్ల నడక. మహాశివరాత్రికి నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండకు చుట్టుపక్కల ఊళ్లవారు అలంకరించిన ఎత్తైన ప్రభల వెంట నడిచి వెళ్తారు. చిలకలూరిపేట పురుషోత్తమపట్నం ప్రభలు వీటిలో ప్రసిద్ధం. మూడోది దీక్షాయాత్ర. శివమాల ధరించినవారు దోర్నాల మీదుగా నల్లమల దాటి శ్రీశైలానికి, గోవిందమాల వేసుకున్నవారు జాతీయ రహదారి వెంట తిరుమలకు నడుస్తారు. వీరిలో చాలామంది చెప్పులు తొడగరు. నాలుగోది కోట, కొండ నడక. రెడ్డిరాజుల రాజధాని, 1515లో శ్రీకృష్ణదేవరాయలు జయించిన కొండవీడు దీనికి ప్రధాన గమ్యం. ఉద్యమ యాత్రల సంగతి పైన చెప్పినదే.

నేల, రుతువులు

మైదానం చదునుగా ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ఇక్కడి నడకల్లో సాధారణంగా కనిపించే పొరపాటు. నల్లరేగడి తడిస్తే ప్రతి అడుగుకూ చెప్పుకు అంటుకుని కాలు బరువెక్కిస్తుంది. ఎండితే నెర్రెలు విచ్చి చీలమండను మెలిపెడుతుంది. పత్తి, కంది కోసిన చేలలో మిగిలిన మోళ్లు, కాలువ కట్టల వెంట పడిపోయిన సర్కారుతుమ్మ ముళ్లు హవాయి చెప్పును చీల్చుకుని పాదంలోకి దిగుతాయి. పల్నాటి రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. మే నెలలో మైదానమంతటా 42, 43 డిగ్రీలు దాటడం మామూలే.

నడకకు అనువైన కాలం కార్తీకం నుంచి శివరాత్రి దాకా, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. అయితే నవంబరు, డిసెంబరు నెలలు తుపానుల కాలం కూడా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. వాయుగుండం హెచ్చరిక ఉన్న వారంలో నడక వాయిదా వేయడం తప్ప మరో మార్గం లేదు.

ముందస్తు ఏర్పాట్లు

దారి పరిశీలన. నడకకు వారం ముందు ఇద్దరు మోటారు సైకిల్ మీద కాకుండా కాలినడకనే దారి చూసి రావాలి. బండి మీద వెళ్తే నీడ ఎక్కడ ఉందో, కుక్కలు ఎక్కడ ఉన్నాయో, గట్టు ఎక్కడ తెగిందో తెలియదు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, నీడ ఉన్న మజిలీలు, వాహనం రాగల చోట్లు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గుర్తించుకోవాలి.

సమయం లెక్క. స్కాట్లాండు పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: ప్రతి 5 కి.మీ.కు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఇది బలమైన మనిషికి, చల్లని దేశంలో కట్టిన లెక్క. పిల్లలు, పెద్దలు ఉన్న బృందం ఇక్కడి ఎండలో గంటకు 3 కి.మీ. నడిస్తే మంచి నడకే. విశ్రాంతి వేళలు దీనికి అదనం.

బాధ్యతలు. బృందానికి ముందు దారి తెలిసినవారు ఒకరు, చివర ఓపిక ఉన్నవారు ఒకరు తప్పనిసరి. ముందు నడిచే మనిషిని దాటి ఎవరూ పోకూడదు, చివరి మనిషికి వెనక ఎవరూ మిగలకూడదు. ఇరవై మందికి మించితే మధ్యలో మరొకరు అవసరం. బయలుదేరేటప్పుడూ, ప్రతి మజిలీలోనూ తలలు లెక్కపెట్టాలి. వేగం నిర్ణయించేది అందరికంటే నెమ్మదిగా నడిచేవారు. వాళ్లను వెనక వదలకుండా వరుసలో ముందుభాగాన నడిపిస్తే బృందం చీలదు.

ఆరోగ్య వివరాలు. షుగరు, రక్తపోటు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ఆ సంగతి నాయకుడికి ముందే చెప్పాలి. మందులు సంచిలో అడుగున కాక చేతికి అందేలా పెట్టుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారు భోజన వేళ తప్పించి నడవకూడదు. జేబులో బెల్లం ముక్కో, గ్లూకోజు పొట్లమో ఉండాలి.

దుస్తులు, పాదరక్షలు. అలవాటైన బూట్లు, నూలు బట్టలు, తలకు టోపీ లేదా తువ్వాలు చాలు. కొత్త బూట్లతో మొదటిసారి దూరం నడిస్తే బొబ్బలు తప్పవు. దీక్షలో ఉండి చెప్పులు తొడగనివారు ఉదయం తొమ్మిది లోపు తారురోడ్డు నడక ముగించుకోవాలి. ఎండెక్కాక తారు వేడి పాదాలను కాల్చుతుంది. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి ఆ కాలిన సంగతి సాయంత్రం దాకా తెలియకపోవచ్చు. అలాంటివారు వైద్యుల సలహా లేకుండా వట్టి కాళ్లతో నడవడం కాలికే ప్రమాదం.

ఆహారం. పెరుగన్నం, పులిహోర, అరటిపండు, వేరుశనగ చెక్కి నడకకు సరిపోతాయి. నూనె పిండివంటలు, భారీ భోజనం మధ్యాహ్నపు నడకను భారం చేస్తాయి. వనభోజనం గమ్యంలో పెట్టుకుంటే తిరుగు ప్రయాణం వాహనంలో ఉండేలా చూసుకోవడం మంచిది.

నీళ్లు, వడదెబ్బ

ఎండలో శ్రమించేవారు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున, అంటే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు వరకు తాగాలని వృత్తి ఆరోగ్య సంస్థల సలహా. ఒక్కసారిగా తాగే రెండు లీటర్లు దీనికి సాటిరావు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి గంటల తరబడి వట్టి నీళ్లే తాగడం మంచిది కాదు. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ ఈ ప్రాంతంలో ఊరూరా దొరికే సరైన పానీయం. ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిపై రాసి ఉన్నంత నీటిలోనే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, ముఖ్యంగా కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఒక్కరోజు తాగితే జబ్బు చేయదు. అయినా బోరునీటిపై ఆధారపడకుండా తాగునీరు వెంట తీసుకెళ్లడమే పద్ధతి. పత్తి, మిరప చేల పక్కన పారే కాలువ నీళ్లు, చేలో కుంట నీళ్లు తాగకూడదు. పురుగుమందు డబ్బాలు కడిగేది అక్కడే.

నీటితో ముడిపడిన మరో సంగతిని నిర్వాహకులు తరచు మరిచిపోతారు. దారిలో మరుగుదొడ్డి లేదని తెలిస్తే చాలామంది స్త్రీలు తెల్లవారుజాము నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. వడదెబ్బకు నేరుగా దారితీసే కారణాల్లో ఇదొకటి. గంటన్నరకు ఒకచోటైనా బడి, గుడి, పెట్రోలు బంకు వంటి మజిలీలో మరుగుదొడ్డి ఉండేలా దారి ఎంచడం, ఆ సంగతి ముందుగానే అందరికీ చెప్పడం అవసరం. ఎన్ని సీసాల నీళ్లు మోసినా ఈ ఏర్పాటు లేకపోతే ఫలితం ఉండదు.

తలనొప్పి, వికారం, కాళ్లు పీకడం ఎండ అలసటకు తొలి గుర్తులు. నీడన కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తే తేరుకుంటారు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన ఆ స్థితిలో ప్రతి నిమిషం విలువైనదే. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టి 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

రోడ్డు మీద నడక

ఈ మైదానంలో కొండల కంటే రోడ్డే ఎక్కువ ప్రమాదకరం. గుంటూరు, చిలకలూరిపేట, మేదరమెట్ల, ఒంగోలు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి వెంట యాత్రికులు చీకట్లో నడుస్తుంటారు. ముదురు రంగు దీక్షా వస్త్రాలు లారీ డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. ఒకరిద్దరు నడిచేటప్పుడు ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపు నడవాలి. పెద్ద బృందాల విషయంలో, మనలాగే ఎడమవైపు వాహనాలు నడిచే బ్రిటన్ రహదారి నియమావళి ఒక స్పష్టమైన పద్ధతి చెబుతుంది: బృందం ఎడమవైపు నడవాలి, ముందు ఒకరు, వెనక ఒకరు మెరిసే జాకెట్లతో కాపు కాయాలి, రాత్రివేళ ముందువారి చేతిలో తెల్లదీపం, వెనకవారి చేతిలో ఎర్రదీపం ఉండాలి. మలుపుల దగ్గర, వంతెనల మీద ఒకే వరుసలో నడవాలి. సంచులకు, చేతికర్రలకు వెలుగు పడితే మెరిసే టేపు అంటించడం తక్కువ ఖర్చుతో అయ్యే రక్షణ. రోడ్డు అంచున పడుకోవడం, రైలు పట్టాల వెంట నడవడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

పొలాల మధ్య డొంక దారి ఉన్నచోట రహదారిని వదిలి డొంకలోనే నడవాలి. దూరం పెరిగినా ప్రమాదం తగ్గుతుంది.

పొలాలు, కాలువలు

పత్తి తీత అక్టోబరు నుంచి, మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. ఈ పంటలకు పురుగుమందుల వాడకం ఎక్కువ. మందు కొడుతున్న చేను కనబడితే గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గాలి వచ్చే వైపు నుంచి చేనును దాటిపోవాలి. ఖాళీ డబ్బాలను తాకకూడదు. డబ్బాపై ఎర్ర త్రికోణం అతి తీవ్ర విషానికి, పసుపు తీవ్ర విషానికి, నీలం మధ్యస్థానికి, ఆకుపచ్చ స్వల్పానికి గుర్తు. మందు ఒంటి మీద పడినవారికి విపరీతంగా చెమట, లాలాజలం, వాంతులు వస్తే బట్టలు విప్పించి సబ్బుతో కడిగి, వీలైతే డబ్బా ఫొటోతో సహా ఆసుపత్రికి చేర్చాలి.

మిరప కల్లాల దగ్గర ఘాటు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పిస్తుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని త్వరగా దాటాలి. కాయ ముట్టిన చేత్తో కళ్లు నులుముకోకూడదు. మంట పుట్టించే పదార్థం వట్టి నీళ్లకు కరగదు కాబట్టి ముందు చేతికి నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి.

అడవిపందుల నుంచి పంటను కాపాడేందుకు కొందరు చేల చుట్టూ అక్రమంగా కరెంటు తీగలు లాగుతారు. చీకట్లో చేలకు అడ్డంపడి నడవకూడదనే నియమానికి ఇదే ప్రధాన కారణం.

నాగార్జునసాగర్ కుడికాలువ, దాని మేజర్లు (పెద్ద పిల్లకాలువలు) ఈ మైదానంలో చాలాచోట్ల విస్తరించి ఉన్నాయి. సిమెంటు చేసిన కాలువ అంచులు వాలుగా, నాచుపట్టి జారుతుంటాయి. పైకి నెమ్మదిగా కనిపించే నీరు లోపల వేగంగా లాగుతుంది. కాళ్లు కడుక్కోవడానికి కూడా మెట్ల రేవు ఉన్నచోటే దిగాలి. ఎవరైనా పడితే ఈత వచ్చినవారు దూకడం కంటే చీరో, తువ్వాలో, తాడో విసరడం ముందు పని. ఒకరి వెనక ఒకరు దూకి మునిగిన ఘటనలు ప్రతి వేసవిలోనూ వార్తలవుతున్నాయి.

పాములు, తేనెటీగలు, పిడుగులు

దేశంలో పాముకాటు మరణాలు ఏటా సగటున 58,000 వరకు ఉన్నాయని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి. కరిచిన కాలు కదలకుండా కర్రకట్టు కట్టి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, మనిషిని నడిపించకుండా తరలించాలి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, మంత్రం కోసం ఆగడం ప్రాణం మీదికి తెస్తాయి. పామును పట్టుకుని తేవలసిన పని లేదు.

వనభోజనాల్లో మర్రిచెట్టు కింద పొయ్యి వెలిగించే ముందు తలెత్తి కొమ్మలు చూడాలి. పెద్ద తేనెపట్టుకు పొగ తగిలితే ఈగలు గుంపు మొత్తం మీద పడతాయి. అప్పుడు ముఖం కప్పుకుని వీలైనంత దూరం పరుగెత్తాలి. అక్కడే నిలబడి చేతులు ఊపితే కాట్లు పెరుగుతాయి.

ఉరుము వినబడితే తాడిచెట్టు కింద, ఒంటరి వేపచెట్టు కింద నిలబడకూడదు. పక్కా భవనమో, తలుపులు మూసిన వాహనమో చేరాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీప పిడుగుల సమాచారం ఇస్తుంది.

చిరునామా లేని చోట సహాయం

బ్రాడీపేటలో లైను అంకె, అడ్డరోడ్డు అంకె చెబితే ఎవరైనా నేరుగా ఇంటి ముందుకు వస్తారు. అక్కడి నుంచి బయలుదేరిన బృందమే రెండు గంటల తర్వాత, గుర్తులేమీ లేని మిరపచేల మధ్య ఉంటుంది. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవకు ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది చోటు. అందువల్ల ప్రతి మజిలీలో నాయకుడు నాలుగు సంగతులు కాగితంపై రాసుకోవాలి: రెవెన్యూ గ్రామం, మండలం, చివరగా దాటిన కిలోమీటరు రాయి లేదా కాలువ మీది అంకె, వాహనం రాగల దగ్గరి దారి. బడి, సచివాలయం, ట్రాన్స్‌ఫార్మరు వంటి గుర్తులు ఊరివారికి ఫోన్ చేసినప్పుడు పనికొస్తాయి. ఫోన్‌లో లొకేషన్ పంపడం సులువే కానీ కొండల వెనక, అడవిలో సిగ్నల్ ఉండదు. రోడ్డెక్కి ఎదురుచూడడానికి ఇద్దరిని పంపాలి, ఒక్కరిని పంపకూడదు. బృందం దారి, తిరిగివచ్చే వేళ రాసిన కాగితం ఒకటి ఇంటి దగ్గర ఉన్నవారి చేతిలో ఉండాలి. చెప్పిన వేళకు రెండు గంటలు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయాలి.

అడవి, కొండ దారులు

దోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కి.మీ. దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. విస్తీర్ణంలో ఇది దేశంలోనే అతి పెద్ద పులుల అభయారణ్యం. సాధారణ రోజుల్లో రాత్రివేళ ఇక్కడ వాహనాలను అనుమతించరు. పాదచారులు అటవీశాఖ చెప్పిన దారిలో, చెప్పిన వేళల్లోనే వెళ్లాలి. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక మరణించాక, టీటీడీ పిల్లలను అనుమతించే వేళలు కుదించింది, భక్తులను గుంపులుగా పంపింది, చేతికర్రలు ఇచ్చింది. అడవి దారిలో పిల్లలు ఎప్పుడూ వరుస మధ్యలో, పెద్దల చేయి పట్టుకునే నడవాలి. ముందుకు పరుగెత్తనివ్వకూడదు.

అనుమతులు, దారి హక్కు

చిన్న బృందపు నడకకు పోలీసు అనుమతి అక్కర్లేదు. రహదారిపై ఊరేగింపు రూపం తీసుకునే యాత్రలకు 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ కింద అనుమతి అవసరం కావచ్చు. అభయారణ్యంలో ప్రవేశానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది.

రెవెన్యూ పటంలో డొంకగా నమోదైన దారి ఊరందరిదీ. పొలం గట్టు మాత్రం రైతుది. గట్టు మీదుగా వెళ్లాల్సివస్తే ఆ రైతునో, చేలో ఉన్న కూలీలనో అడిగి వెళ్లాలి. వాళ్లే మందు కొట్టిన చేను ఏదో, తెగిన తీగ ఎక్కడుందో, పాము కనిపించిన గట్టు ఏదో చెబుతారు. ఎండబోసిన మిరపకాయల మీద చెప్పులతో నడవకూడదు, పత్తి బోరేల మీద కూర్చోకూడదు, మళ్లకు నీళ్లు పెట్టే మోటారు దగ్గర స్టార్టరు పెట్టెను ముట్టుకోకూడదు. విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు మూటగట్టుకుని తిరిగి పట్టణానికే తీసుకెళ్లాలి. గాలికి ఎగిరిన ప్లాస్టిక్ పత్తిలో కలిస్తే మార్కెట్ యార్డులో ఆ రైతుకు ధర తగ్గుతుంది.